గుట్ట కింది పదిహేను గుంటలు

తెలుగు పంతులుగా ఏడాదికొక్కసారైనా నేను పిల్లలకు వసంతం చెప్పాలి. మహాకావ్యానికి పద్దెనిమిది వర్ణనలుండాలని ఆలంకారికులు లెక్కగట్టి పెట్టారు. అందులో ఋతువు ఒకటి, ఉద్యానవనం ఒకటి, జలక్రీడ ఒకటి. కవి మారినా రాజు మారినా తోట మాత్రం మారదు. మామిడి చిగురు, కోయిల కూత, తుమ్మెద రొద, చల్లగాలి. అందగత్తె కాలు తాకితే అశోకం పూస్తుందట. ఆమె మద్యం పుక్కిలించి ఉమ్మితే పొగడ పూస్తుందట. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వు ఆగినంక ఒక మాట అడుగుతాను: "అంత పెద్ద తోటకు నీళ్ళెవలు వెట్టిండ్రురా?"

"పనోళ్ళు సార్" అంటాడొకడు.

ఆ పనోళ్ళు పద్దెనిమిది వర్ణనల్లో ఎక్కడా లేరు. మోట కొట్టినోడు లేడు. మోటకు తోలు కుట్టినోడు లేడు. ఆ తోలు పదును చేయడానికి గుట్టెక్కి తంగేడు చెక్క కొట్టుకొచ్చినోడు ఏ ఆశ్వాసంలోనూ లేడు. నేను ఆ మూడు పనులూ చేసిన మనిషికి మనవణ్ణి. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ప్రబంధ కవులు చూడని వసంతం సంగతి నాకు కొంత తెలుసు. అది రాసిపెడదామనే ఈ నాలుగు మాటలు.

మాది రామగిరి గుట్ట కింద మాదిగవాడ. ఇప్పుడు పెద్దపల్లి జిల్లా, 2016కు ముందు కరీంనగర్ జిల్లా. గుట్ట మీద పాత కోట ఉంది. కోట కన్నా వనమూలికలకే రామగిరి ఖిల్లాకు పేరెక్కువ. ఎక్కడెక్కడి కాలేజీల నుంచో వృక్షశాస్త్రం చదివే పిల్లలు బస్సులేసుకుని వస్తారు. ఆకులు తెంపి, పాత పేపర్ల మధ్య పెట్టి, లాటిన్ పేర్లు రాసుకుని పోతారు. వాళ్ళకు తోవ చూపించేది మా వాడ పిల్లలే. చిన్నప్పుడు నేనూ చూపించిన. ఒకసారి ఒక సారు ఏదో కొమ్మ పట్టుకుని పుస్తకం తిరగేస్తున్నాడు. కట్టెలమోపు దించుకుని కూసున్న మా ముసలవ్వ, "అది పాలకొడిశ సారు. కడుపు కట్టేటందుకు దాని చెక్క అరగదీసి తాపుతం" అన్నది. ఆయన గబగబా రాసుకున్నాడు. చెట్టు పేరు రాసుకున్నాడు, రోగం పేరు రాసుకున్నాడు. చెప్పిన మనిషి పేరు మాత్రం అడగలేదు. అట్లా మా వాళ్ళ తెలివి ఎన్ని నోటుబుక్కులకెక్కిందో, ఎన్ని మార్కులైందో!

గుట్టకు ఒకదిక్కు అడవి, ఇంకోదిక్కు బొగ్గు. సెంటినరీ కాలనీ, యైటింక్లయిన్ కాలనీ, అవి దాటితే గోదావరిఖని. చీకటి పడ్డంక పైకెక్కి చూస్తే దూరాన ఓపెన్‌కాస్టు దీపాలు పొలంలో మిణుగురుల లెక్క కదులుతుంటయి. ఈ రెంటి నడుమ మా బతుకు.

తంగేడు అంటే ఇప్పుడందరికీ బతుకమ్మ యాదికొస్తుంది. 2014 నవంబరులో అది తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. సంతోషమే. మా తాతకు మాత్రం తంగేడంటే పువ్వు కన్నా ముందు చెక్క. పచ్చితోలును సున్నపు నీళ్ళల్ల నానబెట్టి, బొచ్చు గీకి, లోపలి కండ గీకి, కడిగి కడిగి, ఆఖరుకు తంగేడు చెక్క దంచి పోసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టాలె. చెక్కలోని వగరు తోలు లోపలికి దిగితేనే అది కుళ్ళకుండా నిలుస్తది. ఆ వగరును సైన్సు పుస్తకం టానిన్ అంటుంది. ఈ చెక్కతో పదును చేసిన తోళ్ళే మద్రాసు నుంచి ఈస్టిండియా తోలు పేరుతో ఇంగ్లండు దాకా ఓడలెక్కి పోయినయి. అక్కడి దొరల పుస్తకాలకు అట్టలైనయి, బూట్లయినయి. లంద కాడ కూసున్న మనిషి మాత్రం ఊరవతలనే ఉన్నాడు. "లంద కంపు" అని తిట్టు కూడా అయిండు.

తాతకు చెక్క కొట్టే పద్ధతొకటుండె. పొదకు రెండు కొమ్మలు కొడితే నాలుగు వదలాలె. మొదలు ముట్టుకోవద్దు. ఎండలు ముదరకముందే కొట్టుకొస్తే వానలకు పొద మళ్ళీ చిగురేస్తది, బతుకమ్మకు పువ్వు అందుతది. అంటే ఊరోళ్ళు బతుకమ్మలో పేర్చిన పువ్వును సుత చూసుకున్నది మా తాతనే. పర్యావరణం అనే మాట ఆయన వినలేదు. రేపు చెక్క దొరకకపోతే కూడు దొరకదని ఆయనకు ఎర్క.

ఆ తోలుతోనే ఆయన దొర తోటకు మోట బొక్కెన కుట్టేవాడు. పైన వెడల్పు నోరు, కింద తొండం. రెండెడ్లు దిగుడు బాటలో పోతే బొక్కెన పైకొచ్చేది, తొండం లోంచి నీళ్ళు దడదడ కాలువలో పడేవి. మాఘంలో దొర మామిడితోట పూతకొచ్చేది. తెల్లారుజామున మూడింటికే మోట కట్టాలె. తోట మొత్తం తేనెటీగల మోత. పూత మీద మంచు పడితే మాడుతదని దొరకన్నా మా తాతకే ఎక్కువ గుబులు.

దూపయితే ఏం చేసేవాడో మా బాపు చెప్పిండు. బావి గద్దె ఎక్కొద్దు. తొండం దగ్గర దోసిలి పట్టొద్దు. నీళ్ళు కాలువలో పడి, పది బారలు కిందికి పారినంక, అక్కడ వంగి తాగాలె. ఒక్కసారి ఆలోచించండి. తోటకు పారే ప్రతి చుక్కా చచ్చిన ఎద్దు తోలు లోంచే వస్తున్నది. ఆ ఎద్దును మోసింది మా తాత, తోలు తీసింది మా తాత, లందలో తొక్కింది మా తాత, కుట్టింది మా తాత. తోలు తాకిన నీళ్ళకు మైల లేదు. తోలు కుట్టిన చెయ్యి తాకితే మైల. ఆ నీళ్ళు తాగి పూసిన మామిడిపూత మీద వాలే కోయిల గురించే కదా నేను తరగతిలో చెప్పాల్సింది!

ఊర్లో గొడ్డు చస్తే కబురు మా ఇంటికొచ్చేది. గుట్ట వెనక బోడి నేల ఉండేది, అక్కడికి ఈడ్చుకపోయేవాళ్ళు. వీళ్ళు పోయేసరికే ఆకాశంలో రాబందులు తిరిగేవి. తాత తోలు తీసేదాక అవి దూరంగా, రాళ్ళ మీద, ముసలి పెద్దమనుషుల లెక్క మెడలు ముడుచుకుని కూసునేవట. తాత లేవంగనే దిగేవి. మాపటికల్లా తెల్లటి ఎముకల గూడే మిగిలేది. కుళ్ళు లేదు, రోగం లేదు. ఊరు శుభ్రం. ఆ శుభ్రం చేసింది ఇద్దరు, మాదిగోడూ రాబందూ. చచ్చినదాన్ని తినే ఆ జాతి పక్షికే రామాయణం జటాయువని పేరు పెట్టి, రాముడి చేత కర్మకాండ చేయించింది. చచ్చినదాన్ని మోసిన మనిషికి వాడ అవతల గుడిసె వేయించింది ఊరు.

నేను పుట్టి బుద్ధెరిగేసరికి రాబందులు లేవు. ఎందుకు పోయినయో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. పశువులకు నొప్పులకని ఇచ్చే డైక్లోఫెనాక్ మందు గొడ్డు మాంసంలో మిగిలి, తిన్న రాబందు మూత్రపిండాలను చంపేస్తుందని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. అప్పటికే దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి 95కు పైగా పోయినయి. 2013లో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట అంచుల మీద కొన్ని పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకుని కనిపించాయని తెలిసినప్పుడు ఆ ముచ్చట బాపుకు చెప్పిన. చలికాలంలో గుడ్డు పెడితే ఎండలు మొదలయ్యేనాటికి పిల్ల రెక్కలు ఆడిస్తుందని చెప్పిన. బాపు చాలాసేపు మాట్లాడలేదు. "మీ తాత ఉంటే నడిచైనా పోయి చూసొచ్చెటోడు" అన్నడు.

పంచాంగం వసంతం ఉగాదికి మొదలైతుంది. మా వాడ వసంతం అంతకు నెలన్నర ముందే వస్తుంది. మొదట బూరుగు. ఆకు ఒక్కటి లేకుండా ఎర్రటి గిన్నెల్లాంటి పూలు. గోరింకలు, కాకులు, పసులపోలిగాళ్ళు ఆ గిన్నెల్లో మూతులు పెట్టి తాగుతుంటయి. బోడి రాళ్ళ మీద కొండగోగు పచ్చగా పూస్తది. తర్వాత మోదుగు. కాముని పున్నమికి మోదుగుపూలు ఉడకబెట్టి రంగు తీసేవాళ్ళం. గుట్టంతా మంట పెట్టినట్టు ఉంటది. ఉద్యమ సాహిత్యంలో మోదుగుపువ్వు విప్లవానికి గుర్తయింది. మా ఇంట్ల అది ఆకుకు గుర్తు. పూత అయిపోయి కొత్తాకు రాంగనే పెండ్లిళ్ళ కాలం. ఊరోళ్ళ పెండ్లికి మోదుగాకు మోపులు మేమే తెచ్చేవాళ్ళం. వాటి మీద నీళ్ళు చల్లి లోపలికి తీసుకునేవాళ్ళు. మేం కుడితే మైల కాబట్టి ఇస్తర్లు కుట్టుడు వేరేవాళ్ళ పని. అందరూ తిన్నంక ఎంగిలాకులు ఎత్తుడు మళ్ళీ మా పనే. చెట్టు మీది ఆకు మాది, ఎంగిలి ఆకు మాది. నడుమ అన్నం పెట్టిన ఆకే మాది కాదు.

ఇప్పపువ్వు ముచ్చట వేరు. అది మాత్రం ఎవరూ లాక్కోలేని వసంతం. పువ్వు రాత్రి రాలుతది. తెల్లారకముందే ముసలవ్వ గంప పట్టుకుని పోయేది, ఎనక నేను. చెట్టు కింద నేలంతా తేనె వాసన. మెత్తగా, లేత పసుపు ముత్యాల్లాగ పువ్వు. చెట్టు దగ్గరికి పోంగనే ముసలవ్వ గట్టిగా దగ్గేది. ఎందుకే అంటే, "గుడ్డెలుగు ఉంటది బిడ్డా. అది ముందుగాలొచ్చింది. మనమొచ్చినట్టు దానికి చెప్పాలె గద. ఉలిక్కిపడితే మీదికొస్తది" అనేది. ఆమె చెట్టు కింది పువ్వంతా ఏరేది కాదు. ఒకదిక్కు వదిలేసేది. ఎలుగుకింత, జింకకింత, చీమకింత. ఏరింది ఎండబెట్టి కుండల్ల పోసుకుంటే కరువు రోజుల్లో చింతగింజలతో కలిపి ఉడకబెట్టుకునేవాళ్ళు. జొన్నలు లేనినాడు మా బాపు తిన్నది అదే.

ఇప్పచెట్టుకు రాత్రి ఇంకో చుట్టం వస్తది. గబ్బిలం. పువ్వు రేకల తీపి కోసం వాలుతుంది. దాని ఒంటికంటిన పుప్పొడి చెట్టు నుంచి చెట్టుకు చేరుతుంది. జాషువా గారు 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, మేఘాన్నీ హంసనూ కాదని ఈ పక్షికాని పక్షిని, జంతువుకాని జంతువును దూతగా పంపారు. తంజావూరు నుంచి శివుడి దాక. ఎందుకంటే అంటరానివాడి గుడిసెలోకీ గుడిలోకీ పోగలిగింది అదొక్కటే. డిగ్రీలో ఆ పాఠం విన్నప్పుడు పక్కనున్నోళ్ళకు గబ్బిలమంటే అపశకునం. నాకు మాత్రం ముసలవ్వ వెంట చీకట్లో ఇప్పచెట్టు కింద నిలబడ్డప్పుడు తలమీద చప్పుడు చేసిన రెక్కలు యాదికొచ్చినయి. కవి ఊహ అనుకున్నది మా గుట్ట మీద రోజూ నడిచే పని.

కరెంటు మోటార్లు వచ్చినంక మోట పోయింది. ప్లాస్టిక్కు, రబ్బరు చెప్పులు వచ్చినంక లంద ఎండింది. బాపు తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గుబాయిలోకి దిగిండు. కోల్ ఫిల్లర్. భూమి కింద కులం లేదా అంటే ఉన్నది, కానీ చీకటిలో కొంచెం తక్కువ కనపడ్డది. అందరి మొకాలూ ఒక్క తీరుగనే నల్లగుండె. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చింది. నేను బడికి పోయిన. ఈ మాట దాచుకోవాల్సిన పని లేదు. మా వాడలో పలకలు కొన్నది బొగ్గే.

బాయి లోపల ఋతువులు లేవు. ఎండాకాలం లేదు, వానకాలం లేదు. మొదటి షిఫ్టుకు దిగితే ఎక్కేసరికి పొద్దు వాలేది. కానీ ఒకనాడు బాపు టిఫిన్ గిన్నెలో రాయి ముక్కొకటి తెచ్చిండు. పలచటి రాతి పలక. దాని మీద ఆకు అచ్చు. నాలుక తీరుగ పొడుగ్గా, నడుమ ఈనె, ఇరుపక్కల సన్నటి నరాలు. "బొగ్గుల ఆకు దొరికింది కొడుకా. ఇది ఏ చెట్టుదో మీ సారును అడుగు" అన్నడు. నాకు జవాబు దొరికింది చానా ఏండ్లకు. అది గ్లోసోప్టెరిస్. గ్రీకు భాషలో గ్లోసా అంటే నాలుకే. మన గోదావరి లోయ బొగ్గంతా 25 కోట్ల ఏండ్ల కిందటి కన్నా ముందరి అలాంటి అడవే. ఆ అడవిలో పువ్వు లేదు. భూమ్మీద పువ్వు పూసినట్టు ఆనవాళ్ళు దొరికేది 13 కోట్ల ఏండ్ల కిందటి నుంచే. తేనెటీగ లేదు, పిట్ట లేదు. కోయిల కుయ్యని, మామిడి పుయ్యని అడవి. అంటే బాపు రోజూ ఎనిమిది గంటలు వసంతం పుట్టకముందటి అడవిలోకి దిగి, దాన్ని తట్టల్లో ఎత్తి, మా ఇంటికి అన్నం తెచ్చిండు.

బడిలో తోట ఉండె. బంతి, చేమంతి, మందారం, గన్నేరు. మా వాడ పిల్లలు ఐదుగురం పొద్దుగాల్నే పోయి బోరింగు కొట్టి బకెట్లతో నీళ్ళు పోసేవాళ్ళం. సరస్వతీ పూజ నాడు పూలు తెంపేది వేరే పిల్లలు. ఒకసారి నేను మందారం మీద చెయ్యి వేస్తే సారు దూరం నుంచే "నువ్వు కాదురా" అన్నడు. గంతే. కొట్టలేదు, తిట్టలేదు. ఆ రెండు మాటలు మా తాత కాలువ దగ్గర విన్న మాటలేనని అప్పుడు నాకు తెలువది. తాత కాలానికీ నా కాలానికీ మధ్య మోట పోయి బోరింగు వచ్చింది, అంతే తేడా.

ఇగ మా తోట సంగతి. 1970లలో తాతకు గుట్ట వాలులో పదిహేను గుంటల లావణి పట్టా వచ్చింది. ఊరిలో ఎవరికీ పనికిరాని రాళ్ళ నేల కాబట్టే వచ్చింది. రాళ్ళు ఏరి ఏరి నాలుగు దిక్కుల గోడ పేర్చిండ్రు. పైనుంచి కొట్టుకొచ్చే మట్టి ఆ గోడలకు ఆగి ఆగి నేలయింది. ఎవరూ తయారుచేసి ఇచ్చిన భూమి కాదది. ముప్పయి వానకాలాలు పట్టింది. తాత పోయినంక మా అవ్వ దాన్ని పట్టుకున్నది. నాలుగు మామిళ్ళు, చింత ఒకటి, మునగ, సీతాఫలాలు, నిమ్మ, మడికట్లలో గోగు, బెండ, వంకాయ, ఎల్లిగడ్డ. గోడ పొడుగునా తంగేడు. అంచున పాత ఇప్పచెట్టు. దాన్ని ఎవరూ నాటలేదు.

ఫాల్గుణం వచ్చిందంటే ఆ తోటకు వచ్చేటోళ్ళు చానామంది. నిమ్మకొమ్మకు సాలెగూడు దారాలతో తేనెపిట్ట సంచి లాంటి గూడు వేలాడదీస్తది. మొండి ఈతచెట్టు తొర్రలో పాలపిట్ట గుడ్లు పెడతది. గుడ్లు పెట్టేముందర మగది ఆకాశంలకెక్కి, నీలం రెక్కలు తిప్పుతూ, కీచుమని అరుస్తూ పల్టీలు కొడతది. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని ఊరంతా ఎగబడతరు. దానికి నిజంగా సంబురమైన రోజు ఎండాకాలంలో ఉంటదని మా అవ్వకు తెలుసు. కొండెంగలు మామిడి పిందెలు కొరికి పారేస్తయి. నెమిళ్ళు మొలక గింజలు ఏరుకుంటయి. అడవిపందులు రాత్రికి రాత్రి మడి తవ్విపోస్తయి. ఇవన్నీ చూసి మురిసిపోయే తీరిక అవ్వకు లేదు. తిట్టుకుంట తరుముతది. తరిమి, మళ్ళీ తాబేటి చిప్పంత మట్టి మూకుట్ల నీళ్ళు పోసి గోడ మీద పెడతది. "ఎండల నోరెండి సత్తయి. పంది వేరు, దూప వేరు" అంటది.

పందులకు మందు బాపు డప్పు. బాయి పని దిగిపోయినంక దగ్గు మిగిలింది, డప్పు మిగిలింది. ఊర్లో చావుకు కొట్టుడు మా బాపు నేను ఉద్యోగమెక్కకముందే మానేసిండు. ఇప్పుడు నడిరాత్రి లేచి, మంట మీద డప్పు కాచుకుని, గోడ చుట్టూ తిరుగుకుంట కొడతడు. పందులు పోతయి. గుట్టకు తగిలి దరువు మళ్ళొస్తది. ఎవరి చావుకూ కాకుండా, ఎవరి దేవుడికీ కాకుండా, సొంత చేను కోసం డప్పు కొట్టిన మొదటి మనిషి మా ఇంట్ల ఆయనే.

నేను ఇప్పుడు పని చేసే బడి బొగ్గుగనుల మధ్య ఉంది. కిటికీలోంచి కనపడే గుట్ట రామగిరి లాంటిది కాదు. బొగ్గు కోసం పైనున్న మట్టీ రాయీ తీసి పోస్తే లేచిన మట్టిగుట్ట. తలకిందులైన గుట్ట అది. అట్టడుగు రాయి పైకొచ్చింది, వేల ఏండ్ల పైమట్టి ఎక్కడో అడుగున పడ్డది. ముందుగా జిల్లేడు, సర్కారు తుమ్మ, వయ్యారిభామ మొలిచినయి. తర్వాత నాటిన వేప, కానుగ, వెదురు నిలబడ్డయి. చైత్రంలో కానుగ పూత రాలి బాట తెల్లగైతది. పొద్దుగాల ప్రార్థన టైముకు ఆ గుట్ట మీంచి నెమిలి కూస్తది. పిల్లలు దానికి ఎదురు కూస్తరు. గుట్ట ఎట్ల పుట్టిందో నెమిలికి అక్కర లేదు. మా పిల్లల్లో సగం మందికి కూడా అది పుట్టుకతో ఉన్న గుట్టే.

వాళ్ళు కాంట్రాక్టు కూలీల పిల్లలు, డ్రైవర్ల పిల్లలు, ఇండ్లల్ల పాచి పని చేసే తల్లుల పిల్లలు. వసంత ఋతువు మీద వ్యాసం రాయమంటే గైడు చూసి మలయమారుతం రాసుకొచ్చేవాళ్ళు. మలయమారుతం అంటే ఏందంటే తెలువదు. నేను ప్రశ్న మార్చిన. "ఈ నెలలో మీ ఇంటి చుట్టూ ఏది పూసింది, ఏది కూసింది, మీ ఇంట్ల పెద్దోళ్ళు దాని గురించి ఏం చెప్పిండ్రు? చెప్పినోళ్ళ పేరు సుత రాయండి" అన్న. ముసలవ్వ పేరు అడగని ఆ సారు యాదికుండే ఆఖరి వాక్యం చేర్చిన.

ఒక అమ్మాయి తీతువుపిట్ట గురించి రాసింది. మట్టిగుట్ట కింద గులకరాళ్ళ మీద, గడ్డిపోచ లేని చోట అది నాలుగు గుడ్లు పెట్టింది. రాయికీ గుడ్డుకూ తేడా తెలువదు. మనిషి దగ్గరికి పోతే పైకెగిరి తలమీద తిరుక్కుంట ఒర్లుతది. తీతువు ఒర్లితే కీడని ఊరంతా అంటది. ఆ అమ్మాయి రాసింది: "అది కీడు కోసం ఒర్లుత లేదు సార్. పిల్లల కోసం ఒర్లుతంది. మా నానమ్మ చెప్పింది. మేము గుడ్ల చుట్టు పెద్ద రాళ్ళు పెట్టినం, బండ్లు ఎక్కకుంట." అక్షర దోషాలు దిద్దడానికి ఎర్రపెన్ను తీసిన చెయ్యి చాలాసేపు కదలలేదు. ఊరు కీడని ముద్ర వేసినదాని పక్షాన నిలబడి, దాని అరుపుకు అసలు అర్థం చెప్పిన వాక్యం అది. నేను చదివిన పద్దెనిమిది వర్ణనల్లో అటువంటిది లేదు.

పోయిన ఎండాకాలం మా తోటకు ఒక కారు వచ్చింది. దిగిన మనిషి మర్యాదస్తుడే, "అమ్మా" అనే పిలిచిండు. గుట్ట, ఇప్పచెట్టు, రాతిగోడ అన్నీ తిరిగి తిరిగి చూసిండు. ఫోన్లో ఫోటోలు తీసిండు. ఇక్కడ నాలుగు చిన్న ఇండ్లు కట్టి, పట్నం నుంచి వచ్చేటోళ్ళకు శనివారం ఆదివారం అద్దెకిస్తడట. పొద్దున లేస్తే నెమళ్ళు కనపడాలె, పూలు కనపడాలె. గుంటకింత అని ధర చెప్పిండు. మా అవ్వ అంత పెద్ద సంఖ్య ఎన్నడూ విననిది.

"అమ్మినంక మమ్ముల లోపటికి రానిస్తవా సారు?" అన్నది అవ్వ.

"అయ్యో, మీరెక్కడికి పోతరమ్మా? మిమ్మల్నే పెట్టుకుంట. చెట్లకు నీళ్ళు పెట్టేటందుకు మనిషి కావాలె గద" అన్నడాయన.

ఆయన ఆ మాట ప్రేమగానే అన్నడు. అందుకే రాస్తున్న. దొర తోట పోయి యాభై ఏండ్లయినా, మోట పోయినా, మా వాళ్ళు ఒక తోటలో నిలబడితే నీళ్ళు పెట్టేటోళ్ళ లెక్కనే కనపడుతున్నరు. తోట మాదే అని ఎదుటోడి కంటికి ఆనుత లేదు.

అవ్వ ఏం కోపం చేయలేదు. "నీళ్ళు పెట్టుడు నాకు వచ్చు సారు, నాకే పెట్టుకుంట" అన్నది. ఆయన నవ్వి, మళ్ళొచ్చి మాట్లాడుతనన్నడు.

చట్టం ప్రకారం అది అమ్మడానికీ లేదు, కొనడానికీ లేదు. 1977 అసైన్డ్ భూముల చట్టం పేదలకిచ్చిన భూమి చేతులు మారొద్దన్నది. తండ్రి నుంచి పిల్లలకు రావచ్చు, అంతే. కానీ చట్టం కాయితం మీదున్నంత గట్టిగా గుట్ట కింద ఉండదు. పట్టా ఇంకా తాత పేరు మీదనే ఉంది. వారసుల పేరు ఎక్కించమని పెట్టుకున్న అర్జీ బల్ల నుంచి బల్లకు తిరుగుతున్నది. పోయినప్పుడల్లా ఇంకో కాయితం అడుగుతరు. ఊర్లో ఇద్దరు లావణి పట్టాలు తెల్లకాయితం మీద వదులుకుని, ఇప్పుడు అదే చేనులో కూలికి పోతున్నరు. ఉద్యోగంలో ఉన్నోణ్ణి, చదువుకున్నోణ్ణి, నాకే ఇన్ని తిరుగుళ్ళయితే వాళ్ళ గతి ఏంది?

ఇది చదివే విద్యార్థులకు, సంఘాల్లో తిరిగే తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక మాట. భూమి పోరాటం అంటే ఎకరాల లెక్కే అనుకుంటం. గుంటల లెక్క కూడా చూడండి. మీ ఊర్లో గుట్టల వాలుకు, వాగుల ఒడ్డుకు, ఎవరికీ పనికిరాదని మనోళ్ళకిచ్చిన ముక్కలెన్ని ఉన్నయో, అవి ఎవరి పేరు మీద ఉన్నయో రాసి పెట్టండి. దాని పక్కనే అక్కడ ఏ చెట్టుంది, ఏ పిట్టుంది, దాని గుణమేందో మన ముసలోళ్ళను అడిగి, వాళ్ళ పేర్లతో సహా రాయండి. రెండు లెక్కలూ ఒక్క నోటుబుక్కులోనే ఉండాలె. చెట్టు పేరు తెలిసినోడి పేరు మీద చెట్టు కింద నేల లేకపోతే, రేపు ఆ పేరు లాటిన్లోనే మిగులుతది.

ఈసారి ఇప్ప బాగా పూసిందని అవ్వ ఫోన్ చేసింది. గుడ్డెలుగు రెండు రాత్రులు గోడ దాక వచ్చిపోయిందట. బాపు డప్పు తీయబోతే అవ్వనే ఆపిందట, "తిని పోనీ, రాలిందే గద" అని. తోటలో తవ్వుకున్న చిన్నబాయి అడుగంటింది, సెలవులకు వచ్చి పూడిక తీయమన్నది. అర్జీ సంగతి అడిగితే, "అది నువ్వు చూడు, నీళ్ళ సంగతి నేను చూస్త" అన్నది. సోమవారం మళ్ళీ ఆఫీసుకు పోతున్న.